పిన్ని ఎక్కని పైమెట్లు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో సముద్రం దాటి వచ్చిన వంశం ఉంది, ఏడు మెట్ల కోట ఉంది, ఆ కోట శిఖరానికి ఎక్కవలసిన వీరవనిత ఉంది, ఆమె పాదానికి ఒక శాపం ఉంది. చదువుతుంటే మీకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి.

అంత లేదు లెండి. వంశం సముద్రం దాటిన మాట నిజమే, కాని తోటల్లో కూలిపని చెయ్యడానికి దాటింది. కోట అంటే ఎండుచేపల కొట్టు పక్కనున్న చెక్కమెట్లు. వీరవనిత మా పిన్ని. శాపం అంటే అరికాల్లో కాటుక చుక్క. మిగిలిందంతా ఇంగ్లీషులో ‘వెరీ’ అనే మాట గురించి, దాని చుట్టపక్కాల గురించి. లేచి వెళ్ళదలచుకున్నవాళ్ళకు ఇదే మంచి సమయం.

నేను ఇప్పుడు కౌలాలంపూర్‌లో క్షమాపణలు రాసి బతుకుతున్నాను. కంపెనీ ఆ ఉద్యోగానికి ఏదో పొడుగాటి పేరు పెట్టింది గాని పని మాత్రం అదే. ఎవరికో పార్సెల్ అందదు, వాళ్ళు తిడతారు, నేను కంప్యూటర్‌లో సారీ కొడతాను. మొన్న మా సూపర్‌వైజర్ నా కుర్చీ వెనక నిలబడి చదివి, “వెరీ సారీ అంటే ఎవడూ నమ్మడు. డీప్లీ సారీ అని పెట్టు” అన్నాడు. ఆ కస్టమర్ పోగొట్టుకున్నది ఒక జత చెప్పులు. సరే, చెప్పుల కోసం లోతుకు దిగాను. దిగేసరికి, ఏసీ గదిలో, ఎవరూ అన్నం డబ్బా విప్పకుండానే, ఎండు నెత్తళ్ళ చేపల వాసన వచ్చింది.

ఆ వాసన కౌలా సెలంగోర్‌ది. నా బడి రోజుల్లో అమ్మ క్లాంగ్‌లో పని చేసేది, నేను అమ్మమ్మ దగ్గర ఉండేదాన్ని. పామాయిల్ తోట చివర కూలీల లైను ఇళ్ళు. మాది చివరి ఇల్లు. అమ్మమ్మ, పిన్ని, నేను. వెనక వంటచావడి, దాని వెనక మురుగుకాలువ, దాని వెనక చెట్ల వరసలు, ఆ వెనక ఏముందో చూసినవాళ్ళు లేరు. చూసినా చెప్పుకోదగ్గదేం ఉండదు. ఇంకో తోట ఉంటుంది.

అమ్మమ్మ నెత్తళ్ళు వేయించి, చింతపండు పులుసులో వేసి, చివర్లో బెలాచాన్ ముక్క ఒకటి పడేసేది. బెలాచాన్ అంటే మలాయ్‌వాళ్ళ రొయ్యల ముద్ద. అది పొయ్యి మీద పడితే లైను మొత్తానికి తెలిసేది. ఆ వాసన మా బట్టలకు పట్టి, బస్సులో మా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. పేదవాళ్ళకు దొరికిన సౌకర్యాల్లో అదొకటి.

ఆ ఇంట్లో దేన్నయినా కొలవడానికి ఒకే మాట ఉండేది: కొంచెం. మంచిని పెంచి చెబితే దిష్టి తగులుతుంది. నేను క్లాసులో మొదట వచ్చినా అమ్మమ్మ పక్కింటావిడతో “ఏదో, పాసైనాది” అనేది. చెడును పెంచి చెబితే అది వింటుంది. ఒకసారి ఆమె కాల్లో పామాయిల్ మట్ట ముల్లు దిగి, పాదం గుమ్మడికాయలా వాచింది. శానా నొప్పా అని అడిగితే నా నోరు మూసింది.

“శానా అనకే, గుంటా. నొప్పికి సెవులుంటాయి. ఈ ఇంట్లో నాకు మరియాద ఉందనీసి ఇక్కడే ఉండిపోద్ది. కొంచెం అను. సిన్నబుచ్చుకుని ఎల్లిపోద్ది.”

నొప్పి సిన్నబుచ్చుకోలేదు. వారం తర్వాత తోటలో కట్లు కట్టే డ్రెస్సర్ వచ్చి కోసి తీశాడు.

తాత పోయిన పొద్దున ఆమె ఇపోలో ఉన్న మామయ్యకు ఫోన్ చేసి, “మీ అయ్యకి కొంచెం బాగునేదు, బేగి రా” అంది. అప్పటికి తాతకు స్నానం చేయించి ముక్కుల్లో దూది పెట్టేశారు. మామయ్య మారుమాట అడగలేదు. ‘శానా బాగునేదు’ అని ఉంటే ఆసుపత్రికి పళ్ళు పట్టుకొచ్చేవాడు. ‘కొంచెం’ అంది కాబట్టి తెల్లబట్ట కొనుక్కుని వచ్చాడు.

శానా అనే మాటకు ఆ ఇంట్లో బొత్తిగా చోటు లేదని కాదు. వానకు వాడొచ్చు. పక్కింటి పులుసులో ఉప్పుకు వాడొచ్చు. ఇతరుల పొగరుకు తప్పనిసరిగా వాడాలి. మన గురించి మాత్రం కూడదు.

ఇలాంటి ఇంట్లో పుట్టిన మా పిన్నికి రిసెప్షనిస్ట్ కావాలని కోరిక పుట్టింది.

పిన్ని రబ్బరు చేతి తొడుగుల ఫ్యాక్టరీలో పని చేసేది. ఎక్కడో డాక్టర్ల చేతులు శుభ్రంగా ఉండడం కోసం ఇక్కడ ఆమె చేతులు పొట్టు రాలేవి. షిఫ్టు నుంచి వస్తే పౌడరు, క్లోరిన్ కలిసిన వాసన. పెరట్లో కూర్చుని వేళ్ళకు కొబ్బరినూనె రాసుకునేది. ఒక ఏడాది ఫ్యాక్టరీవాళ్ళు అందరికీ నది ఒడ్డున కొత్తగా కట్టిన రిసార్టులో భోజనం పెట్టారు. మిణుగురు పురుగుల్ని చూడ్డానికి వచ్చే టూరిస్టుల కోసం కట్టింది అది. భోజనంలో ఏం పెట్టారని నేను అడిగితే పిన్నికి గుర్తు లేదు. గుర్తున్నది ముందు హాల్లో బల్ల, బల్ల మీద పూలు, బల్ల వెనక ఇస్త్రీ కోటు వేసుకున్న అమ్మాయి. ఆ అమ్మాయి చేతులు.

“ఆ పిల్ల సేతులు బల్ల మీద అలగ పెట్టుకుని నిలబడ్డాదే” అంది నాతో. “దాసుకోనేదు.”

ఆ తర్వాత కొన్నాళ్ళకు అక్కడ మనుషులు కావాలని తెలిసింది. ఇంగ్లీషు బాగా రావాలన్నారు. పిన్ని నన్ను వెంటేసుకుని టౌన్లో మాస్టర్ దగ్గర ట్యూషన్లో చేరింది. నేనెందుకంటే, ఒంటరిగా వెళ్తే లైనంతా కథలల్లుతుందని. నాతో వెళ్తే నా చదువు కోసం అనుకుంటారు.

మాస్టర్ తమిళాయన, రిటైరైన బడిపంతులు. చైనా ఆయన ఎండుచేపల కొట్టు పక్కనుంచి చెక్కమెట్లు ఎక్కితే పైన ఆయన గది. మేం గదిలోకి వెళ్ళింది తక్కువ. ఆయన పాఠమంతా మెట్ల మీదే. ఒక్కో మెట్టుకు ఒక్కో మాట అంటించాడు. అన్నిటికంటే కింద స్లైట్లీ. తర్వాత ఫెయిర్లీ, రాదర్, క్వైట్. ఆ పైన వెరీ. దాని మీద ఎక్స్‌ట్రీమ్లీ. పైమెట్టు అబ్సల్యూట్లీ. పక్కన గోడ మీద ఒక్కో మెట్టుకు ఎదురుగా దాని చుట్టాలు: టెరిబ్లీ, ఆఫుల్లీ, డ్రెడ్‌ఫుల్లీ, అటర్లీ. ఆయన కుర్చీ పైన వేసుకుని కూర్చుని ప్రశ్న అడుగుతాడు. మనం జవాబుకు తగిన మెట్టు మీద నిలబడి వాక్యం చెప్పాలి.

“ఎంత ఆకలిగా ఉంది నీకు?” అని నన్ను అడిగాడు మొదటి రోజు. నేను ఒక్క పరుగున పైమెట్టు ఎక్కాను.

“అబ్సల్యూట్లీయా? దాని పైన మెట్టు లేదమ్మా. రేపు నిజంగా ఆకలేస్తే ఎక్కడ నిలబడతావు, కప్పు మీదా?”

పిన్నిని, “నువ్వెంత అలసిపోయావు?” అని అడిగాడు. రాత్రి షిఫ్టు దిగి తిన్నగా వచ్చింది ఆమె. కిందిమెట్టు మీద నిలబడి, “అయామ్ స్లైట్లీ టైర్డ్, మాస్టర్” అంది.

“కళ్ళు మూసుకుపోతున్నాయి. పైకి రా.”

“పర్వాలేదు మాస్టర్. ఇక్కడ గాలొస్తంది.”

గాలి రాలేదు. వచ్చింది ఎండు సొరచేప వాసన. మాస్టర్‌కు విసుగొచ్చి, “సరే, కింద ఆ చేపలు ఎంత కంపు?” అన్నాడు. పిన్ని లంగా ఎత్తిపట్టి టకటకా పైదాకా ఎక్కి, గోడ మీద ఉన్న చుట్టాలందరినీ పేరుపేరునా పిలిచి, ఆ చేపలు టెరిబ్లీ, ఆఫుల్లీ, డ్రెడ్‌ఫుల్లీ, అబ్సల్యూట్లీ కంపని చెప్పింది. కింద నుంచి కొట్టు యజమాని, “హోయ్, కొనేవాళ్ళు ఉన్నారు లా, మెల్లగా” అని, ఈ దేశంలో అందరూ మాటకు తగిలించే ‘లా’తో సహా అరిచాడు.

అదీ పిన్ని ఇంగ్లీషు. ఇతరుల కంపుకు శిఖరం దాకా వెళ్ళేది. తన సంగతి వస్తే కిందిమెట్టు దాటేది కాదు. తెలియక కాదు. మాస్టర్ దగ్గర చదివిన పిల్లలందరిలో ఆ గోడంతా కంఠస్థం వచ్చింది ఆమెకే. ఆఫుల్లీ నైస్ అంటే చెడ్డగా మంచిదా అని నేను జుట్టు పీక్కుంటుంటే, “మీ అమ్మమ్మ సెడ్డ తీపి, సెడ్డ అందం అనదేటి? అదే ఇది” అని రెండు ముక్కల్లో తేల్చేసింది.

ఇంటికొచ్చి అన్నాల దగ్గర సాధన చేసేవాళ్ళం. పిన్ని ముద్ద నోట్లో పెట్టుకుని, ఈ చేప ఎక్సీడింగ్లీ ఉప్పగా ఉందని ఇంగ్లీషులో అనేది.

“ఏటంతంది అది?” అని అమ్మమ్మ నన్ను అడిగేది.

“బాగుందంతంది.”

“బాగుంటే మొకం అలగెట్టిందేటి?”

“అది ఇంగిలీషు మొకం, అమ్మమ్మా.”

ఒకరోజు అమ్మమ్మ తమలపాకు చుట్టుకుంటూ అంతా విని, “శానా అండానికి ఆల్లకి ఇన్ని మాటలెందుకే?” అంది.

“ఒకటి చెబితే నమ్మరు” అన్నాను.

“ఎందుకు నమ్మరు?”

“అందరూ అదే చెబుతారు కదా, అందుకు.”

“అయితే అబద్దాలాడ్డం మానేస్తే పోద్ది గదా” అని ఆకు నోట్లో పెట్టుకుంది. ఇంగ్లీషు భాష మీద అంత క్లుప్తంగా వచ్చిన విమర్శ నేను ఇంతవరకు చదవలేదు. అయితే ఆ మాట చెప్పినావిడ రిసార్టులో ఉద్యోగానికి వెళ్ళడం లేదు, వెళ్తున్నది పిన్ని.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. బయలుదేరే ముందు అమ్మమ్మ పిన్నిని పీట మీద కూర్చోబెట్టి, కుడి అరికాల్లో కాటుక చుక్క పెట్టింది. పెళ్ళికూతురికీ పురిటిబిడ్డకీ పెట్టే చుక్క. దాంతోపాటు ఉపదేశం కూడా.

“ఆల్లడిగితే కొంచెం వచ్చని సెప్పు. ఎక్కువ సెప్పకు. మనం ఆశపడినట్టు ఎదటోడికి తెలిసిపోతే ఆ పని మనకి దక్కదు. సిన్నప్పట్నుంచి సూత్తన్నాను.”

“సరేలే అమ్మా.”

“సరేలే కాదు. కాలు నేలకి ఆనించి మాటాడు.”

రిసార్టులో తలుపు మూసిన గదేమీ లేదు. భోజనాల హాల్లోనే ఒక మూల బల్ల దగ్గర మేనేజర్ మేడమ్ కూర్చుంది. మలాయ్ ఆవిడ, మెత్తగా మాట్లాడుతుంది. నన్ను పక్కబల్ల దగ్గర కూర్చోబెట్టి నిమ్మరసం ఇప్పించింది. మాకంటే ముందు క్లాంగ్ నుంచి వచ్చిన అమ్మాయి మాట్లాడుతోంది. ఇంగ్లీషు ఎలా ఉంటుందంటే వెరీ వెరీ గుడ్ లా అంది. కష్టపడతావా అంటే వెరీ వెరీ అంది. ఎందుకు రావాలనుకుంటున్నావంటే ఈ చోటు వెరీ వెరీ నైస్ అంది. మాస్టర్ ఉండి ఉంటే చెవి పట్టుకుని మెట్లన్నీ ఎక్కించి దించేవాడు. ఒకే మెట్టు మీద కాపురం పెట్టేసింది పిల్ల.

తర్వాత పిన్ని.

“నీ ఇంగ్లీషు ఎలా ఉంటుంది?”

“ఎ లిటిల్, మేడమ్.”

“కష్టపడి పని చేస్తావా?”

“సో-సో, మేడమ్.”

మేడమ్ మంచిదే. ఇంకో అవకాశం ఇద్దామన్నట్టు, “ఒక అతిథి కోపంగా వచ్చి గదిలో బొద్దింక ఉందన్నాడు అనుకో. ఏం చెబుతావు?” అంది.

పిన్ని లేచి నిలబడింది. పొట్టు రాలే రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. “ఐ యామ్ టెరిబ్లీ సారీ, సర్” అని మొదలుపెట్టింది. ఇది అటర్లీ అన్యాయమని, మీరు ఎంత డ్రెడ్‌ఫుల్లీ బాధపడి ఉంటారో ఊహించగలనని, ఈ క్షణమే అబ్సల్యూట్లీ శుభ్రమైన గది ఇస్తానని ఇంగ్లీషులో, తడబడకుండా, ఆ లేని మనిషి కళ్ళలోకి చూస్తూ చెప్పింది. అవతల బల్ల దగ్గర తింటున్న తెల్లాయన చెంచా ఆపాడు. వడ్డించే కుర్రాడు వంగి బల్ల కింద చూశాడు, నిజంగానే బొద్దింక ఉందేమోనని. నాకైతే ఆ బొద్దింక మీద జాలి కలిగింది.

మేడమ్ కలం కింద పెట్టేసింది. “ఇంత బాగా మాట్లాడతావు. మరి కొంచెమే వచ్చు అన్నావేం?”

“కొంచెమే, మేడమ్” అని నవ్వింది పిన్ని.

మేడమ్ ముందుకు వంగింది. “సరే, ఒక్క మాట. ఈ ఉద్యోగం నీకు ఎంత కావాలి?”

నాకు మెట్లన్నీ కళ్ళ ముందు కనిపించాయి. పిన్నికీ కనిపించే ఉంటాయి. బల్ల కింద ఆమె కుడికాలు నేలకు ఇంకా గట్టిగా ఆనడం చూశాను.

“ఉంటే ఇవ్వండి, మేడమ్” అంది పిన్ని మెల్లగా. “లేకపోయినా పర్వాలేదు.”

మా లైనులో ఎవరైనా ఆ మాట అంటే ఎదుటివాళ్ళు పరుగెత్తుకెళ్ళి ఇచ్చేస్తారు. కాళ్ళ మీద పడడానికి మావాళ్ళ దగ్గర అంతకంటే గట్టిమాట లేదు. మేడమ్ మా లైనులో పుట్టలేదు. విన్నది విన్నట్టు నమ్మింది. చెయ్యి కలిపి థ్యాంక్యూ చెప్పింది.

తిరుగు బస్సులో పిన్ని, “బాగా సెప్పినానేటే?” అంది.

“బొద్దింక దగ్గర అదరగొట్టావు.”

“మిగిలింది?”

“మిగిలింది అమ్మమ్మ చెప్పింది.”

పిన్ని కిటికీలోంచి చూసింది. పామాయిల్ చెట్లు. వాటిని అంతసేపు చూడ్డానికి ఏమీ లేదు.

కొన్ని రోజులకు ఫోన్ వచ్చింది. ముందు హాల్లో పని క్లాంగ్ అమ్మాయికి ఇచ్చారు. కావాలంటే లాండ్రీలో చోటు ఉందన్నారు. దుప్పట్లు ఉతికే మందు చేతులకు మంచిది కాదు కాబట్టి రబ్బరు తొడుగులు వాళ్ళే ఇస్తారట. పిన్ని ఫోన్లో ఎంతో మర్యాదగా, రాలేనని చెప్పి పెట్టేసింది. మర్నాడు షిఫ్టుకు వెళ్ళింది.

“పోన్లే” అంది అమ్మమ్మ. “దిష్టైతే తగల్నేదు.”

తగలడానికి ఏం మిగిలింది అని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. నేను జోకు మింగడం అదే మొదలు.

ఆ వారం మాస్టర్ దగ్గరకు చివరిసారి వెళ్ళాం. ఆయనకు సంగతి తెలిసింది. అలవాటు కొద్దీ పైనుంచి, “ఎంత బాధగా ఉందమ్మా?” అన్నాడు. పిన్ని కిందిమెట్టు మీద నిలబడింది. ఈసారి ఆయన పైకి రమ్మనలేదు. తనే కర్ర పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చి, ఆమె పక్కన కూర్చున్నాడు. ఇద్దరి బరువుకు మెట్టు కిర్రుమంది. చెద పట్టి ఉంది అది చాలాకాలంగా. చాలాసేపు ఎవరూ ఇంగ్లీషు మాట్లాడలేదు. చివరికి ఆయన, “తమిళంలో అడిగి ఉంటే చెప్పేదానివా?” అన్నాడు.

“లేదు మాస్టర్.”

“తెలుగులో?”

“తెలుగులో అసలు సెప్పను.”

తోటను తర్వాత అమ్మేశారు. లైను ఇళ్ళు పడగొట్టి, ఒకే రంగు గేట్లున్న ఇళ్ళ కాలనీ వేశారు. ఎండుచేపల కొట్టు ఉన్నచోట ఇప్పుడు మొబైల్ ఫోన్లకు అద్దాలు అతికిస్తారు. మెట్లు లేవు. మాస్టర్ లేడు. మా ఇంట్లో పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గాని జవాబు తమిళంలో ఇస్తారు. వాళ్ళకు అన్నీ సూపరే. ఐస్‌క్రీమ్ సూపర్, పరీక్ష సూపర్, అమ్మమ్మ ఫోటోకు వేసిన దండ కూడా సూపర్. అమ్మమ్మ పోయిన రోజు పిన్ని నాకు ఫోన్ చేసి ఏమందో మీకు వేరే చెప్పక్కర్లేదు. నేను ఆఫీసు నుంచి తిన్నగా బస్టాండుకు వెళ్ళాను. ఆ మాటకు అర్థం తెలిసి ఫోన్ ఎత్తేవాళ్ళు ఇంట్లో ఇంకెవరున్నారో లెక్కపెట్టబోయి మానేశాను. అమ్మా, మామయ్యా అప్పటికే లేరు. మేమిద్దరమే.

సూపర్‌వైజర్ చెప్పులకు లోతుగా బాధపడమన్న ఆ వారాంతమే నేను కౌలా సెలంగోర్ వెళ్ళాను. పిన్నికి ఆ రిసార్టులో ఒక గది బుక్ చేశాను. అక్కడ ఒక్క పూటైనా అతిథిగా ఉండాలని నా ఆలోచన. ఎందుకే దండగ అంటూనే ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. జుట్టు నెరిసింది. చేతులు బ్యాగు కింద పెట్టుకుంది.

ముందు హాలు అలాగే ఉంది. బల్ల ఉంది. బల్ల మీద పూలు ప్లాస్టిక్‌వి. పిన్ని దాని ఎదురుగా నిలబడి చూస్తోంది. నేనిక ఆగలేకపోయాను.

“పిన్నీ, నిజం చెప్పు. ఆ రోజు ఈ ఉద్యోగం నీకు ఎంత కావాలనిపించింది?”

పిన్ని బల్ల మీదనుంచి చూపు తిప్పకుండా అంది.

“ఆ రోజు బస్సు దిగినకాడ్నుంచి నాను ఈ బల్లెనకే నిలబడి ఉన్నాను గదే, గుంటా. ఆ మేడమ్ కుర్సీలో ఎవుర్ని కూకోబెట్టి అడిగినాదో నాకు తెల్దు.”

ఎవరైనా వస్తారేమోనని బల్ల వెనక చూశాను. ఎవరూ రాలేదు. క్లాంగ్ అమ్మాయిని ఎప్పుడో పంపేశారట, ఆమె తర్వాత వచ్చినవాళ్ళను కూడా. బల్ల చివర ఒక టాబ్లెట్ నిలబెట్టారు. అందులో బుకింగ్ నంబరు కొడితే తలుపు తెరిచే కోడ్ ఫోన్‌కు వస్తుంది. కొట్టాను. గదులు మధ్యాహ్నం మూడింటికి ముందు ఇవ్వరు, సామాను ఎవరిది వాళ్ళే చూసుకోవాలి.